రొట్టె పీట వెంట పాలమూరు దాకా

"నన్నెందుకే తీస్కపోతవు? నేనేమన్న పెద్ద సదువు సదివిన్నా?"

"సదివినోళ్ళను తీస్కపోయిన అవ్వా. మా మేడంనే వెంట తీస్కపోయిన. ఏమైంది? అందరు మంచిగుంది బిడ్డా అన్నరు, చాయ్ పోసిండ్రు, బస్సెక్కిచ్చిండ్రు."

"మంచిగుందంటె మంచిదే గద. ఇంకేం గావాలె నీకు?"

"తప్పులు గావాలె."

"తప్పులా?"

"ఆఁ, తప్పులే. ఒక్కలు చెప్తలేరు. నువ్వొస్తె చెప్తరు. నీ మొఖం జూస్తె ఎవలకైనా తప్పులే యాదికొస్తయి."

ఈ మాట అన్నది నా మనుమరాలు ఎస్తేరు. నేను వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నాను. చేట కింద పెట్టాను. లోపల నా కొడుకు నవ్వాపుకోలేక దగ్గాడు.

"నా మొఖానికేమైందే?"

"ఏం కాలే. ఇప్పటిదాంక నువ్వు ఒక్కటన్న బాగుందన్నవా? మొన్న పాస్టరు గారు వాక్యం జెప్పి దిగంగనే ఏమన్నవు? ఇయ్యాల జర పొడుగైంది అయ్యగారూ, అన్నవు."

"పొడుగైంది గాబట్టి అన్న."

"గదే నాకు గావాలె!"

పిల్ల చదివేది హైదరాబాదులో. ఒక వస్తువు తయారుచేసే ముందు, దాన్ని ఎవరు వాడలేకపోతున్నారో వాళ్ళ ఇంటికే వెళ్ళి, చూసి, అడిగి, వాళ్ళకు వీలయ్యేటట్టు చేయడం నేర్పే చదువట. చెయ్యి లేవనివాళ్ళకు, చూపు ఆననివాళ్ళకు, ముసలివాళ్ళకు వీలైతే మిగతావాళ్ళకు ఎట్లాగూ వీలవుతుందని వాళ్ళ లెక్క. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఊరూరా తిరిగి అడగడం కూడా ఒక చదువేనా అని చాలాసార్లు అన్నాను.

ఎస్తేరు చేసింది ఒంటిచేత్తో జొన్న రొట్టె చేసుకునే పీట. రొట్టె కొట్టేవాళ్ళకు తెలుసు, ఒక చెయ్యి కొడుతుంటే రెండో చెయ్యి అంచు పట్టి పిండిని తిప్పుతూ ఉండాలి. రెండో చెయ్యి సాయం రాకపోతే రొట్టె లేదు. ఈ పీట మీద స్టీలు రేకు ఒకటి ఉంటుంది. కొట్టే చెయ్యి తోస్తే చాలు, అది తిరుగుతుంది. కింద రబ్బరు కాళ్ళు బండను గట్టిగా పట్టుకుంటాయి. రొట్టె అయ్యాక రేకును పిడి పట్టి లేపి, రొట్టెను పెనం మీదికి జారవిడవడమే.

ముందటి నెలలో మూడిళ్ళకు మూడు పీటలిచ్చి వచ్చింది. చిట్యాలలో ఒకటి, హాలియాలో ఒకటి, పాలమూరు దాటి దేవరకద్రలో ఒకటి. ఆ మూడోది చెన్నమ్మ అనే ఆమెకు. దేవరకద్ర సంతలో రొట్టెలు చేసి అమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి సంతలో ఆమె జాగా ఖాళీగా ఉంది. పక్కన మిర్చి బజ్జీల బండి అతను చాలా సంతలు ఆగి, ఇక వచ్చే సంతకు కూర్చోకపోతే ఆ జాగాలోకి తన బండి జరుపుకుంటానని చెప్పాడట. పీట ఇచ్చాక కూడా చెన్నమ్మ కూర్చోలేదు. ఎందుకని ఫోను చేస్తే, "పీట మంచిగుంది బిడ్డా" అంటుందే తప్ప కారణం చెప్పదు.

"ఆమె మల్ల సంతల కూసుంటదా లేదా, గదొక్కటే నాకు గావాలె అవ్వా," అన్నది ఎస్తేరు. ఈసారి నవ్వలేదు.

కూలి చేసుకుని బతికినవాళ్ళకు కూర్చునే జాగా పోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. చీర మడత పెట్టుకున్నాను. మా సంఘం ఆడవాళ్ళలో పాలమూరు చూసినవాళ్ళు లేరు. నేను తిరిగి వచ్చినప్పటి నుంచి ఏం చూశావు, ఏం తిన్నావు అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు. అందుకే రాస్తున్నాను.

చిట్యాల

పొద్దున్నే మా కేతేపల్లి నుంచి బయలుదేరాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కనుక నాకు ఆ ఫికరు లేదు. ఆధారు కార్డు కొంగుకు ముడేసుకున్నాను. చిట్యాలలో హైవే పక్క హోటల్లో ఎస్తేరు చాయ్ తాగుదామన్నది. ధర అడిగాను. ఒక చాయ్‌కి ఇరవై రూపాయలు. గ్లాసు చూస్తే బొటనవేలంత. "అందులో బంగారం గిట్ల నానబెట్టినవా?" అని అడిగితే హోటలతను, "లేదమ్మా, కారోళ్ళ కోసం పెట్టిన రేటు," అన్నాడు. కారు లేనివాళ్ళం కనుక లేచి వచ్చాం.

మేం వెళ్ళాల్సింది అండాలమ్మ ఇంటికి. నా ఈడు మనిషే. వేళ్ళ కణుపులు వాచి, ముడుచుకుపోయి, పిండి ముద్ద పట్టడమే కష్టం. ఎస్తేరును చూడగానే మనుమరాలు వచ్చినట్టే ముఖమంతా నవ్వు పెట్టుకుంది.

"పీట ఎట్లున్నది అమ్మమ్మా?"

"మస్తు మంచిగుంది బిడ్డా. శాన మంచిగుంది. మీ కాలేజోళ్ళు సల్లగుండాలె."

ఎస్తేరు నా వైపు చూసింది. చూశావా, నేను చెప్పింది ఇదే అన్నట్టు.

"పీట ఏది?" అన్నాను.

అండాలమ్మ కొంచెం తడబడింది. సజ్జ మీదికి చెయ్యి చూపించింది. స్టూలు వేసుకుని ఎస్తేరు దించింది. పీట ఇచ్చినప్పటి కవరులో అట్లాగే ఉంది. అంటించిన టేపు కూడా ఊడలేదు. కవరు మీద పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. దసరా పండుగనాడు ఇంట్లో సామానుతో పాటు దానికీ పూజ చేసిందట.

"వాడకుంట మంచిగుందని ఎట్ల చెప్పినవు?" అన్నాను.

"కొత్తది గదక్కా. వాడితె పాతదైతది. సుట్టాలొస్తె తీద్దామని పెట్టిన."

"సుట్టాలకు చేతులు లేవా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. ఎందుకంటే మా ఇంట్లో కూడా కొడుకు తెచ్చిన కుక్కరు అట్టపెట్టెలోనే ఉంది. మన ఆడవాళ్ళకు కొత్త వస్తువు అంటే వాడుకునేది కాదు, దాచుకునేది. పట్నం వాళ్ళు వస్తువు ఇచ్చి, వాడారా అని అడుగుతారు. మన ఇళ్ళలో ముందు అది పాతపడాలి.

ఎస్తేరు చదువులో ఈ సంగతి చెప్పినట్టు లేదు. బిక్కమొహం వేసుకుని కూర్చుంది. నేను కత్తిపీట అడిగి టేపు పరపరా కోశాను. ఆ చప్పుడుకు అండాలమ్మ కళ్ళు మూసుకుంది. రేకు మీద ఇంత పిండి చల్లి, బొగ్గు మసి కొంచెం అంచుకు రుద్దాను.

"పాతదైంది. ఇగ వాడు."

పొయ్యి వెలిగింది. అండాలమ్మ ముద్ద పెట్టి అరచేత్తో కొట్టింది. రేకు గిర్రున తిరిగిపోయి, ముద్ద సగం జారి నా ఒళ్ళో పడింది. నా చీర మీద జొన్నపిండి ముద్ర ఆ రోజంతా పోలేదు.

"అమ్మమ్మా, ఎట్లున్నది?" అని ఎస్తేరు భయంభయంగా అడిగింది.

"దీనికి దయ్యం పట్టినట్టున్నది బిడ్డా! తిరుగుడు గాదు, ఉరుకుతాంది."

ఎస్తేరు లేచి ఆమెను కౌగలించుకున్నంత పని చేసింది. మొదటి తప్పు దొరికింది! అడుగున ఉన్న మరను బిగించింది. అండాలమ్మ మళ్ళీ కొట్టింది. ఎస్తేరు మళ్ళీ బిగించింది. నాలుగో రొట్టె గుండ్రంగా వచ్చింది. అది పెనం మీద పొంగుతుంటే అండాలమ్మ తన వేళ్ళ వైపు, రొట్టె వైపు మార్చి మార్చి చూసుకుంది. "నా చేతి రొట్టె తినక ఏడాది దాటింది," అన్నది.

తినబోయే ముందు, "మీరేమోళ్ళు అక్కా?" అని అడిగింది. చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి, తాను తాగే చెంబుతోనే నాకు నీళ్ళిచ్చింది. ఎల్లిపాయ కారంతో రెండు రొట్టెలు తిన్నాను.

బస్సు మెట్టు

నల్లగొండలో హాలియా బస్సు ఎక్కబోతే మొదటి మెట్టు నా మోకాలికి పైన ఉంది. ఒక కాలు పెట్టాను, రెండోది రానన్నది. వెనకాల జనం తోశారు. ఒక చెప్పు జారి బస్సు కిందికి పోయింది. కండక్టరమ్మ మంచి మనిషి, బస్సు ఆపించి, తానే వంగి చెప్పు తీసిచ్చింది.

"ముసలితనం," అన్నాను కూర్చుని.

"ముసల్తనం గాదవ్వా. మెట్టు ఎత్తు పెట్టిండ్రు. తప్పు నీ మోకాలుది గాదు, మెట్టుది," అన్నది ఎస్తేరు.

"నా మోకాలు నాది. మెట్టు మీద పెట్టి నేనెందుకు తప్పించుకోవాలె?"

"గా చంటిపిల్లనెత్తుకున్నామెను జూడు. గా సంచుల పెద్దమనిషిని జూడు. అందరికి మోకాళ్ళే కరాబైనయా?"

చూశాను. చంటిబిడ్డ తల్లి బిడ్డను ముందు ఎవరికో అందించి, తరువాత తాను ఎక్కింది. సంచులాయన సంచులను లోపలికి విసిరి ఎక్కాడు. ఒక్కరూ తిన్నగా ఎక్కలేదు. ఇన్నేళ్ళ నుంచి బస్సెక్కుతున్నాను, ఎక్కడం ఇట్లాగే ఉంటుందనుకున్నాను. పిల్లతో మాత్రం ఏమీ అనలేదు. ఒక్కసారి ఒప్పుకుంటే ఊరు చేరేదాకా చెప్తూనే ఉంటుంది.

హాలియా

హాలియా చేరేసరికి రోడ్డుకు రెండు పక్కలా పచ్చదనం. సాగర్ కాలువ నీళ్ళు ఉన్న చోట భూమికే గర్వం వచ్చినట్టుంటుంది. మా వైపు బోరు ఎండితే బాధ, ఇక్కడ పొలం ఆరకపోతే బాధ. అందరూ వరి అన్నమే తింటారు. రొట్టె అంటే షుగరు ఉన్నవాళ్ళ పథ్యం.

లింగయ్యకు ఆ షుగరే ఉంది. కోత మిషనులో కుడి చేతి వేళ్ళు పోయినాయి. భార్య సైదమ్మ నాట్లకు పోతే మధ్యాహ్నం తన రొట్టె తానే చేసుకోవాలని పీట ఇచ్చింది ఎస్తేరు.

మేం పోయేసరికి వాళ్ళు అన్నానికి కూర్చుంటున్నారు. ఇంటి మధ్యలో చాప, చాప మధ్యలో పీట! పీట మీద రొట్టె లేదు. పప్పు గిన్నె, మామిడికాయ తొక్కు, పెరుగు గిన్నె, ఉప్పు గురిగి ఉన్నాయి. లింగయ్య ఎడమ చేత్తో రేకును తోశాడు. తొక్కు గిన్నె తిరిగి ఆయన ముందుకు వచ్చి ఆగింది.

ఎస్తేరు నోరు తెరుచుకుని నిలబడింది.

"బిడ్డా, కోపం చేయకు," అన్నాడు లింగయ్య. "రొట్టె చేసుడు నాతోని గాలే. మొగోన్ని, నాకు పిండి కలుపుడే రాదు. దీని తప్పేం లేదు."

సైదమ్మ అందుకుంది: "అబద్ధం! ఒక్కనాడన్న ముట్టిండా? సైదమ్మా నువ్వే చెయ్యి, నీ చేతి రొట్టె అమృతం అంటడు. పనెగ్గొట్టెటప్పుడు అమృతం, ఉప్పెక్కువైతె విషం."

"మరి ఇట్ల ఎవరు పెట్టిండ్రు?" అని అడిగాను.

లింగయ్య కొంచెం సిగ్గుపడ్డాడు. "అక్కా, వేళ్ళు పోయినప్పటి సంది ఏది గావాలన్నా అడుగుడే. పప్పు జరుపు, తొక్కియ్యి, గా ఉప్పియ్యి. కొడుకు, కోడలు అందరు కూసున్న కాడ గట్ల అడుక్కుంటుంటె అన్నం సయిస్తలేకుండె. ఒకనాడు ఊకెనే దీని మీద గిన్నెలు పెట్టి తిప్పి చూసిన. ఇగ అడిగేది లేదు. నాకేం గావాల్నో అదే నా దగ్గరికి వస్తది."

చెప్పి, రేకు మళ్ళీ తోశాడు. పెరుగు గిన్నె నా ముందుకు వచ్చింది. "తినక్కా," అన్నాడు.

ఎస్తేరు ఒక మూలకు పోయి గబగబా రాసుకుంటోంది. కోపం వచ్చిందేమోనని చూశాను. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. "అవ్వా, నేను రొట్టె పీట చేసిన. ఆయన అన్నం పీట చేసిండు," అని నా చెవిలో అన్నది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. హాలియా సన్నబియ్యం అన్నం గొంతులో ఆగదు. ధర మాత్రం మా వైపు కంటే తక్కువేం కాదు. ఎందుకని అడిగితే సైదమ్మ, "పండిచ్చెటోళ్ళకు సుత కొనుక్కునేటప్పుడు అదే రేటక్కా," అన్నది.

సీతాఫలాల దారి

దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల. పొద్దంతా బస్సులే. మెల్లగా పచ్చదనం తగ్గి, ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు వచ్చాయి. జడ్చర్లలో రోడ్డు పక్క గంపల్లో సీతాఫలాలు. మా వైపు వేలితో నొక్కి చూస్తే అమ్మే ఆమె తిడుతుంది. ఇక్కడ అమ్మే ఆమే, "నొక్కి చూడుర్రి, నొక్కందె ఎట్ల తెలుస్తది?" అన్నది. గంప ధర వంద చెప్పింది. నేను అరవై అన్నాను. ఆమె తొంభై అన్నది. నేను నడిచాను. ఆమె పిలవలేదు. నేను వెనక్కి రావాల్సి వచ్చింది. ఎస్తేరు ఆ సంగతి ఇంటికొచ్చాక అందరికీ చెప్పింది కనుక దాచి లాభం లేదు. తొంభైకే కొన్నాను. పళ్ళు మాత్రం గింజ తక్కువ, గుజ్జు ఎక్కువ.

దేవరకద్ర

చెన్నమ్మ ఇల్లు చేరేసరికి ఎండ వాలింది. తెల్లారితే సంత. అప్పటికే మేకలు, గొర్రెలు తోలుకుని ఊర్ల నుంచి జనం దిగుతున్నారు.

చెన్నమ్మ నాకంటే చిన్నది. గట్టి మనిషి. ఎడమ చెయ్యిని కొంగు కింద దాచుకుని కూర్చుంది. కోడలు మంజుల మా ముందు పళ్ళేలు పెట్టింది. జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు, పల్లీల పొడి. రొట్టె పల్చగా, కాగితంలాగా, అంచులు ఒక్కచోట చీలలేదు. ఇట్లాంటి రొట్టె మా వైపు నేను తినలేదు.

"ఈ రొట్టె నీ కోడలు చేసిందా?" అని అడిగాను.

"నేను గాదు పెద్దమ్మా," అన్నది మంజుల. "మా అత్తనే. నెల సంది ఇంట్ల రొట్టెలన్ని ఆమెనే చేస్తున్నది. ఒంటిచేత్తోని."

అంటే వాడుతోంది. బాగా వాడుతోంది. మరి సంతకు ఎందుకు పోదు? ఎస్తేరు ఎన్నో రకాలుగా అడిగింది. బరువుందా? చెయ్యి నొస్తుందా? వేడి తగులుతుందా? చెన్నమ్మ అన్నిటికీ తల అడ్డంగా ఊపి, "మంచిగుంది బిడ్డా. నువ్వు ఫికరు జేయకు," అంటోంది.

అంతలో గడపలోకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. బజ్జీల బండి కుర్మయ్య. "అత్తా, మల్ల అడుగుతున్న. రేపు కూసుంటవా? నువ్వు కూసుంటె నేను జరుపుకోను. నీకు అన్యాయం జేసి తినుడు నాకొద్దు. గని ఇంకెన్ని సంతలు ఖాళీగ పెడుదు?"

"జరుపుకో నాయినా," అన్నది చెన్నమ్మ, తల ఎత్తకుండా.

"తెల్లారెదాంక ఆగు," అన్నాను నేను కుర్మయ్యతో. అతను నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. ఎస్తేరు ముఖం తెల్లబోయింది.

నేను లేచి పొయ్యి దగ్గరున్న పీట తెచ్చి మా మధ్యలో పెట్టాను. "చెల్లే," అన్నాను, "నీ తప్పులు నువ్వు చెప్పకు. నా తప్పులు నేను చెప్త. నాకు దీని పిడి నచ్చలే, గంటె కాడ లెక్కున్నది. దీని కాళ్ళు నచ్చలే, కప్ప కాళ్ళు. అన్నింటికంటె దీని రంగు నచ్చలే. తెల్లగ, సుట్టు నీలం అంచు. దవాఖానల మంచం కింద పెట్టే గిన్నె ఉంటది సూడు, అచ్చం గట్లనే."

చెన్నమ్మ తల ఎత్తి నన్ను చూసింది. తరువాత నవ్వింది. మామూలు నవ్వు కాదు, కొంగు జారిపోయి, చెయ్యి కనిపిస్తున్నా చూసుకోకుండా, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"అక్కా! నా నోట్ల మాటన్నవు! నేను దవాఖానల పడి ఉన్ననాళ్ళు నా కింద పెట్టింది గదే గిన్నె! ఇంట్ల అంటె ఎవ్వలు చూడరు. సంతల నలుగురి ముంగట అది పెట్టుకుని రొట్టె కొడితె ఎవరు తింటరు? పాపం చెన్నమ్మకు చెయ్యి పడిపోయింది, దవాఖాన సామానిచ్చిండ్రు అని చూస్తరు. పాపమని చూసెటోళ్ళు రొట్టె కొంటరా అక్కా? పది పైసలు దానం చేసి పోతరు."

ఎస్తేరు నెమ్మదిగా అన్నది: "తెల్లగుంటె సాఫుగ కనవడ్తదని పెట్టిన. చూపు ఆననోళ్ళకు అంచు యాడుందో తెల్వాలని నీలం పెట్టిన."

"సాఫుగనే ఉన్నది బిడ్డా. గందుకే దవాఖాన యాదికొస్తది."

"మరి ఫోన్ల ఎందుకు చెప్పలే పెద్దమ్మా?"

"ఇంత దూరం మోసుకొచ్చి ఇచ్చినవు. నీ మొఖం జూసి ఎట్ల చెప్పుదు?"

లంగా

రంగు వేస్తే తిండి వస్తువు, వాసన వస్తుంది. తెల్లారితే సంత. మంజులే అన్నది, "గుడ్డ తొడిగితె?" అని. ఆ ఇంట్లో కుట్టుమిషను ఉంది, రవికెలు కుట్టి నాలుగు పైసలు సంపాదిస్తుంది. పై రేకును వదిలేసి, కింది తెల్ల భాగానికి చుట్టూ గుడ్డ కుడితే కనిపించదు.

"అంచు కొట్టొచ్చినట్టు కనవడాలె, లేకుంటె చూపు ఆననోళ్ళకు పనికిరాదు," అన్నది ఎస్తేరు.

"అంచున్న గుడ్డ అంటె చీరెనే," అన్నది మంజుల.

ముగ్గురూ నా సంచి వైపు చూశారు. అందులో ఉన్నది నా ముదురాకుపచ్చ నూలు చీర. ఎర్రంచు. ఇంకా రెండేళ్ళు కట్టుకోదగ్గది. అటుపక్క గోడకు పాత చీరలు వేలాడుతున్నాయి కానీ అన్నీ అంచు లేని సిల్కు చీరలు. అవి తడి పీల్చవు, తొందరగా నిప్పు అంటుకుంటాయి.

తీసిచ్చాను. మంజుల కత్తెర పెట్టేటప్పుడు నేను బయటికి పోయి సీతాఫలం తిన్నాను.

మొదట కుట్టింది వదులై, రబ్బరు కాళ్ళ కిందికి పోయి పీట ఊగుడు కుర్చీలాగా ఊగింది. రెండోసారి బిగుతై రేకు తిరగలేదు. ఎస్తేరు నేల మీద బోర్లా పడుకుని కింది నుంచి చూస్తూ, "జర పైకి, ఇంక జర," అంటోంది. మూడోసారి మంజుల లంగాకు వేసినట్టు నాడా వేసి, పైకి మడిచి బిగించింది. ఆకుపచ్చ గుడ్డ, చుట్టూ ఎర్రంచు. రేకు తిప్పితే అంచు కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించింది.

"దీనికి లంగా కట్టిచ్చిండ్రు," అన్నది చెన్నమ్మ. "పెండ్లికెదిగిన పిల్ల లెక్కున్నది."

ఎస్తేరు దగ్గర, చూపించడానికి తెచ్చుకున్న పీట ఇంకొకటి ఉంది. "దానికి సుత కుట్టు," అన్నాను మంజులతో. చీర ఎట్లాగూ పోయింది.

"ఇంకోటి ఎందుకక్కా?" అన్నది చెన్నమ్మ.

"నాకు. రేపు నీ పక్కన నేను సుత కూసుంట. నాకు రెండు చేతులున్నయి, రెండూ పనిచేస్తయి. నేను గీ పీట మీద కొడుతుంటె ఇది చెయ్యి పడిపోయినోళ్ళ సామాను అని ఎవడంటడో చూస్త."

చెన్నమ్మ లేచి, పిండి డబ్బా మూత తీసి చూసుకుని, "మంజులా, జల్లెడ తే," అన్నది.

సంత

తెల్లవారింది. మేం సంతకు పోయేసరికి మేకల మందలు దిగాయి. కుర్మయ్య బండి తన చోటనే ఉంది. చెన్నమ్మ జాగాలో మంజుల రెండు పొయ్యిలు పెట్టింది. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నా మొదటి రొట్టె వంకరగా వచ్చింది. చెన్నమ్మ చూసి, "అక్కా, గిది నల్లగొండ పటమా?" అన్నది. ఆమెది గుండ్రంగా వచ్చింది.

మొదట గొర్రెలు అమ్మడానికి వచ్చిన ఒక ముసలాయన కూర్చుని రెండు రొట్టెలు, పచ్చి పులుసు అడిగాడు. తిని, ఇంకొకటి అడిగాడు. తరువాత ఉల్లిగడ్డలు అమ్మే ఆడమనిషి వంగి చూసి, "గా తిరిగే పీటలు యాడ దొరుకుతయి చెన్నమ్మత్తా? నా భుజం నొస్తున్నది," అని అడిగింది. చెన్నమ్మ కుడి చేత్తో ఎస్తేరును చూపించింది. ఎస్తేరు ఆమె పక్కన కింద కూర్చుని, భుజం ఎక్కడ నొస్తుందో, ఎప్పుడు నొస్తుందో అడగడం మొదలుపెట్టింది.

కుర్మయ్య రెండు మిర్చి బజ్జీలు కాగితంలో పెట్టి తెచ్చి చెన్నమ్మ ముందు పెట్టి వెళ్ళాడు. ఎండ నెత్తికి రాకముందే పిండి అయిపోయింది. చెన్నమ్మ మంజులను ఇంటికి పంపి ఇంకో డబ్బా పిండి తెప్పించింది.